గోడ అవతలి హాజరు

పిల్లల ఎత్తూ బరువూ కొలిచినన్నాళ్లూ నాకు ఎవరితోనూ పేచీ రాలేదు. పిల్లవాణ్ణి గోడకు నిలబెట్టి తల మీద స్కేలు ఆనిస్తే ఎత్తు తెలిసిపోతుంది. బరువు సంగతి ముల్లు చూసుకుంటుంది. పెరిగితే నా గొప్ప కాదు, పెరగకపోతే నా తప్పూ కాదు. సికింద్రాబాద్ చుట్టుపక్కల సర్కారు బడుల్లో నా అసలు పేరు తెలిసినవాళ్లు తక్కువ. 'తూకం సార్' అంటే మాత్రం వాచ్‌మన్ కూడా గేటు తీసేవాడు. మొదట్లో నేనూ పంతులునే. మోకాళ్లు మొరాయించి రోజంతా నిలబడలేనంటే, కూర్చుని చేసే పని అని చెప్పి కొలతల విభాగంలో వేశారు. నా కొలువు కాస్తా కొలతై కూర్చుందని నవ్వుకున్నాను.

రిటైర్మెంటుకు కొంతకాలం ముందు పై ఆఫీసువారికి పిల్లల సంతోషాన్ని కూడా కొలవాలని తోచింది. అప్పటినుంచి నా సంతోషం తగ్గుతూ వచ్చింది.

ఆలోచన చెడ్డదని నేననను. మీలో కొందరు ఇప్పుడు ఇదే పనిలోకి కొత్తగా వస్తున్నారు, మీకోసమే ఇది రాస్తున్నాను. చిన్న పిల్ల బడిలో ఎలా ఉంది, భయపడుతోందా, కడుపు నిండుతోందా, తోడు ఎవరైనా ఉన్నారా అని అడగడం మంచి పనే. చదువు కొలవడానికి పరీక్షలున్నాయి, మనసుకు ఏమున్నాయి అని ట్రైనింగులో ఒక కన్సల్టెంటు అమ్మాయి అడిగినప్పుడు, వెనక బెంచీలో కునుకు తీస్తున్న నేను కూడా లేచి కూర్చున్నాను. విజయవాడ వైపు పిల్ల. ప్రతి మాట చివరా 'అండీ' తగిలించేది. తర్వాత ఆ అమ్మాయికి తోడుగా బడులు తిప్పే పని నాకే పడింది.

కొలిచే సాధనం చాలా సాదాగా ఉండేది. మూడు ఖాళీ బిస్కెట్ డబ్బాలు. ఒకదాని మీద నవ్వే మొహం, ఒకదాని మీద ఏడ్చే మొహం, మధ్యదాని మీద నవ్వూ ఏడుపూ లేని మొహం. మధ్యదాన్ని ఒక పిల్లవాడు 'బస్సు కోసం చూసే మొహం' అన్నాడు. నేను అద్దంలో రోజూ చూసేది దాన్నే. డబ్బాలకు అడ్డంగా ఒక అట్టపెట్టె పెడతాం. పిల్లలు ఒక్కొక్కరే వచ్చి అట్ట వెనక కూర్చుంటారు. ఇవతలి నుంచి మేం అడుగుతాం: బడికొచ్చేటప్పుడు నీ మొహం ఎట్లుంటది? అన్నం తినేటప్పుడు? టీచర్ పిలిచినప్పుడు? ఆడుకునేటప్పుడు? అడిగినప్పుడల్లా పిల్ల చేతిలోని చింతగింజ ఒక డబ్బాలో వేయాలి. 'టక్' మని చప్పుడు వినిపిస్తుంది గాని, ఏ డబ్బాలో పడిందో కనిపించదు. పిల్ల వెళ్లాక డబ్బాలు తెరిచి చూసి ట్యాబ్‌లో ఎక్కిస్తాం. ట్యాబ్లెట్ అంటే నాకు బీపీది ఒకటే తెలుసు కాబట్టి ఎక్కించే పని ఆ అమ్మాయిదే.

"నోరు తెరవని పిల్లల కోసమే ఇలా తయారుచేశామండీ," అని ఆ అమ్మాయి ప్రతి బడిలోనూ చెప్పేది. "మాట్లాడేవాళ్లు ఎలాగూ చెప్పుకుంటారు. మాట్లాడనివాళ్ల మాట వినాలని."

మెట్టుగూడ దగ్గరి ఒక ప్రాథమిక పాఠశాలకు ఆ డబ్బాలతోనే వెళ్లాం.

హెడ్మాస్టరు పాత పరిచయమే. గేటు దాకా ఎదురొచ్చి, ఉస్మానియా బిస్కెట్లు, చాయ్ తెప్పించి, నా భుజం మీద చెయ్యి వేశాడు.

"మీరు తూకం సార్ గదా. జెర ముల్లు మా దిక్కు మొగ్గేటట్టు చూడుండ్రి."

"ఈ డబ్బాలకు ముల్లు లేదు సార్," అన్నాను.

"ముల్లు లేకుంటె ఇంకా పరేషాన్. యాడ గుచ్చుకుంటదో తెల్వదు," అన్నాడు. ఆ మాటకు ముగ్గురం నవ్వాం.

బడి ముందు ముగ్గు వేసి ఉంది. పిల్లల జుట్టుకు నూనె, చొక్కాలకు గుండీలు. మొదటి రోజు గింజలన్నీ నవ్వు డబ్బాలోనే పడ్డాయి. ఒక పిల్లవాడు అట్ట పక్కనుంచి తల బయటపెట్టి "సార్, కరెక్ట్ ఆన్సరేనా?" అని అడిగాడు. ముందురోజే ప్రాక్టీస్ చేయించారని తెలిసిపోయింది. ఆ అమ్మాయి మొహం మధ్య డబ్బా మొహమైంది. "ఇది మామూలేనమ్మా, రెండో రోజుకు పిల్లలు మరిచిపోతారు, అప్పుడు నిజం చెబుతారు," అని సర్దిచెప్పాను.

రెండో రోజు ఇంటినుంచి ఫోనొస్తే మాట్లాడటానికి గేటు బయటకు వచ్చాను. అక్కడ, బడి గోడను ఆనుకుని, ఒక పిల్ల కూర్చుని ఉంది. రెండో తరగతి వయసు. బడి యూనిఫారమే. రెండు జడలు, రిబ్బన్లు, ఒళ్లో సంచి. బడి లోపల ఉంది, పిల్ల బయట ఉంది. ఆలస్యంగా వచ్చి భయపడి ఆగిందేమో అనుకుని, "లోపలికి పోలేదా బిడ్డా?" అన్నాను. పిల్ల నా చెప్పుల వంక చూసింది.

గోడ పక్కనే ఇస్త్రీ బండి. బండి ఆమె నన్ను ఎగాదిగా చూసింది.

"మీరేనా సార్, గా డబ్బాలోళ్లు?"

"అవునమ్మా. ఈ పిల్ల ఎవరు?"

"యార్డుల బోగీలు కడుగుతది సూడు, గామె బిడ్డ. తల్లి ఇంకా తెల్లారకముందె, నసుకులనే డ్యూటీకి పోతది. పోంగ పోంగ నా కాడ దింపి పోతది. బడి గంట గొట్టంగనే లోపటికి ఉరుకుతుండె. మీరొచ్చినకెల్లి పోతలేదు."

"ఎందుకు పోతలేదు?"

"గది మీ సార్లనే అడగాలె. నేను సుత అడిగిన. నాతోని అన్ని ముచ్చట్లు జెప్తది, గీ ముచ్చట అడిగితె నోరు తెరుస్తలేదు."

అంతలో బడిలో అన్నం గంట కొట్టారు. పిల్ల చప్పున లేచింది. సంచిలోంచి స్టీలు పళ్లెం తీసి, రెండు చేతులతో పట్టుకుని, గేటు వైపు తిరిగి నిలబడింది. లోపల పిల్లలు వరసగా కూర్చున్న చప్పుడు, గరిటె చప్పుడు వినిపిస్తున్నాయి. కాసేపు అలాగే నిలబడి, మళ్లీ కూర్చుని, ఖాళీ పళ్లెం ఒళ్లో పెట్టుకుంది.

"గంట గొట్టినప్పుడల్ల గట్లనే లేస్తది సార్," అంది ఇస్త్రీ ఆమె. తన డబ్బా విప్పి పిల్ల పళ్లెంలో ఇంత అన్నం పెట్టింది.

నాకు విషయం అర్థమైంది. అర్థం కావడానికి పెద్ద తెలివి అక్కర్లేదు, పంతులుగా పనిచేసి ఉంటే చాలు. ఇన్‌స్పెక్షన్ అంటే మా బడుల్లో ఒక ఆచారం ఉంది. గోడలకు సున్నం వేస్తారు, బోర్డు మీద రంగు సుద్దతో సుభాషితం రాస్తారు, చదవలేని పిల్లల్ని, మాట వినని పిల్లల్ని 'రేపు రాకు' అంటారు. ఎవరూ దాన్ని తప్పనుకోరు. ఇంటికి చుట్టాలొస్తే చిరిగిన దుప్పటి మంచం కిందికి తోసినట్టు. ఈ పిల్లను రావద్దన్న సంగతి తల్లికి తెలియదు. తెలియక రోజూ జడలు వేసి పంపుతోంది. పిల్ల తల్లికి చెప్పలేదు, బడికి పోలేదు, రెండింటికీ మధ్య గోడ పక్కన కూర్చుంది.

ఆఫీసు గదిలో హెడ్మాస్టరునూ, ఆ తరగతి టీచరమ్మనూ అడిగాను. కన్సల్టెంటు అమ్మాయి అప్పటికి అక్కడే ట్యాబ్ సర్దుకుంటోంది.

"మీకు తెల్వందా సార్?" అన్నాడు హెడ్మాస్టరు. "పెద్దోళ్లొచ్చినప్పుడు ఒకరిద్దర్ని ఇంటికాడ ఉంచుడు ఎప్పటికెల్లో ఉన్నదే. గీ డబ్బాల మార్కులు తక్కువొస్తె మా బడిని తీస్కపోయి ఇంకో బడిల కలుపుతరంట. గప్పుడు గీ పిల్లలంత మెయిన్ రోడ్డు దాటాలె. ఒక్క పిల్ల కోసం అందర్ని రోడ్డు మీద పెట్టమంటరా?"

టీచరమ్మ కళ్లు దించుకుని చెప్పింది. "నేను తిట్టలే, కొట్టలే సార్. 'గీ సార్లు పోయేదాంక రాకు బిడ్డా' అని మంచిగనే చెప్పిన. ఆ పిల్ల బళ్లె మాట్లాడదు. ఒక్కోపారి బట్టల్ల పోసుకుంటది. నేనే కడుగుత, నేనే మార్చుత. మీ ముంగట గట్లయితె పిల్లలంత నవ్వుతరు, అది ఏడుస్తది. గింజలన్ని ఏడుపు డబ్బల్నే పడ్తయి. మా ఇన్నేండ్ల కష్టం గింజల పాలైతది."

ఆమె అబద్ధం చెప్పడం లేదు. అలా బట్టలు మార్చే టీచర్లు ఎక్కువమంది ఉండరని నాకు తెలుసు. చల్లారిన చాయ్ తాగాను.

అమ్మాయి మాత్రం ట్యాబ్ పక్కన పెట్టేసింది. "ఇది తయారుచేసిందే ఆ పిల్ల కోసమండీ," అంది నెమ్మదిగా. "ఆ పిల్లనే బయట కూర్చోబెట్టేస్తే, ఇన్ని బడులు తిరిగి నేనెవర్ని కొలిచానండీ?"

తిరిగిన ప్రతి బడికీ ఒక గోడ ఉందని, ఏ గోడ అవతలికీ మేం వెళ్లి చూడలేదని నాకు అప్పుడు తట్టింది.

నేనే బయటకు వెళ్లాను. పిల్ల పక్కన ఫుట్‌పాత్ మీద కూలబడ్డాను. నా మోకాళ్ల సంగతి తెలిసినవాళ్లెవరూ ఆ సాహసం చేయనివ్వరు.

"బిడ్డా, నేను కూర్చున్న గాని, లేవొస్తలేదు. జెర చెయ్యిస్తవా?"

పిల్ల ఆలోచించింది. లేచి, నా చెయ్యి పట్టుకుని, ఉన్న బలమంతా పెట్టి లాగింది. లేచాను. ఆ చెయ్యి వదల్లేదు. అలాగే గేటు లోపలికి నడిచాం. నన్ను ఆ పిల్ల తీసుకెళ్తున్నట్టే ఉండి ఉంటుంది చూసేవాళ్లకు.

అట్ట వెనక కూర్చుంది. చేతిలో గింజలు పోశాం. అమ్మాయి అడగడం మొదలుపెట్టింది. బడికొచ్చేటప్పుడు నీ మొహం ఎట్లుంటది? చాలాసేపు ఏ చప్పుడూ లేదు. తర్వాత టక్. అన్నం తినేటప్పుడు? టక్. టీచర్ పిలిచినప్పుడు? టీచరమ్మ తలుపు దగ్గర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడి ఉంది. టక్. ఆడుకునేటప్పుడు? టక్.

లోపల వడ్డన ఇంకా సాగుతోంది, పిల్ల లేచి అందరితో అన్నం తినడానికి వెళ్లింది. మేం డబ్బాలు తెరిచాం. ఏడుపు డబ్బా ఖాళీ. మధ్య డబ్బా ఖాళీ. గింజలన్నీ నవ్వు డబ్బాలో ఉన్నాయి.

టీచరమ్మ దగ్గరికి వచ్చి డబ్బాలోకి తొంగి చూసింది. "అయ్యో," అంది. "గిట్ల ఏస్తదని తెలుస్తె రానిస్తుంటి గద సార్."

అందులో ఎకసెక్కం లేదు, ఉన్నది బాధే. అందుకే ఆ మాట నా చెవిలోంచి ఇప్పటికీ పోలేదు.

తిరిగొచ్చేటప్పుడు ఆటోలో అమ్మాయి అడిగింది. "ప్రాక్టీస్ రోజున చూసి నేర్చుకుందంటారా? లేకపోతే లోపలికి వచ్చానని నిజంగానే సంతోషమంటారా?"

"ఏదైనా కావచ్చమ్మా."

"మరి నేను ఏమని ఎక్కించాలండీ?"

"నవ్విందని ఎక్కించు. అంతకన్నా ఆ ట్యాబ్‌లో చోటు లేదు కదా."

నేను రిపోర్టు రాశాను. కొలిచే రోజున కొందరు పిల్లల్ని ఇంటి దగ్గర ఉంచుతున్నారని, వచ్చినవాళ్లను మాత్రమే కొలిస్తే అది కొలత కాదని, బడిలో పేరున్న ప్రతి పిల్లనూ కొలవాలని రాశాను. చేయి తిరిగినవాణ్ణి కాను, అయినా ఆ రోజు చెయ్యి దానంతట అదే తిరిగింది. పై ఆఫీసు మీటింగులో దాన్ని చదివించారు. పెద్దాయన "గుడ్ పాయింట్" అన్నారు. కొన్నాళ్లకు ఆర్డర్ వచ్చింది: కొలత రోజున పేరున్న పిల్లలందరూ హాజరు కావాలి, ఏ ఒక్కరు రాకపోయినా బడి మార్కుల్లో కోత. సర్వీసంతటిలో నా మాట మీద వచ్చిన ఆర్డర్ అదొక్కటే. అమ్మాయి సంబరపడి రెజిమెంటల్ బజార్‌లో మిర్చి బజ్జీలు తినిపించింది. ఇంట్లో చెబితే మా ఆవిడ, "ఇన్నేండ్లకు మీ మాట ఒకళ్లు విన్నరా? గా ఆఫీసేదో నాకు సుత చూపియ్యుండ్రి, మీతోని ఎట్ల పని జేయించుకుంటరో నేర్చుకుంట," అంది.

మరుసటి విద్యాసంవత్సరం మళ్లీ కొలతలు షురూ అయ్యాయి. అదే బడికి వెళ్లాం. హెడ్మాస్టరు ఎదురొచ్చాడు. చాయ్, బిస్కెట్లు.

"అందరొచ్చిన్రు సార్. ఒక్కరు తప్పలే. మీ ఆర్డర్ తూచా తప్పకుండ."

పిల్లల వరసలు చూశాను. మళ్లీ చూశాను.

"ఆ పిల్ల ఏది సార్?"

"ఏ పిల్ల?"

ఆయనకు తెలుసు. చివరికి ఆయనే చెప్పాడు. "ఆమెకు టీసీ ఇచ్చినం సార్. గసుంటి పిల్లలకు వేరే బడి ఉంటది గదా, మంచిగ చూస్తరు. రెండు బస్సులు మారాలె, గంతే. తల్లికి సమజ్ జేసినం. ఏ రోజు వస్తదో ఏ రోజు రాదో తెల్వని పిల్ల. అది రాకుంటె బడి మొత్తానికి కోత. ఆర్డర్ మీరే తెస్తిరి."

ఎత్తిపొడవడం లేదు ఆయన. లెక్క చెబుతున్నాడు. లెక్క సరిగ్గానే ఉంది. టీచరమ్మ నా వైపు రాలేదు, పిల్లల్ని వరసలో నిలబెడుతూ ఉండిపోయింది.

గేటు బయటకు వచ్చాను. గోడ పక్కన పిల్ల ఉంది. అదే యూనిఫారం, పొట్టిదైపోయి మోకాళ్ల పైకి వచ్చింది. ఒళ్లో అదే సంచి. గంట కొడితే లేచింది. పళ్లెం తీసింది. నిలబడింది.

ఆ రోజు కొలతలు అమ్మాయికి వదిలేసి, తల్లి డ్యూటీ దిగి వచ్చేదాకా ఇస్త్రీ బండి దగ్గరే కూర్చున్నాను. బక్కపలచటి మనిషి, చేతులు నీళ్లలో నాని తెల్లగా పాలిపోయి ఉన్నాయి.

"సంతకం పెట్టమన్నరు, పెట్టిన సార్," అంది. "ఆ బడికి ఎవలు తోల్కపోవాలె? డ్యూటీకి లేటైతె రేపటికెల్లి రావద్దంటరు. నాకు సుత, బిడ్డకు సుత ఒకటే మాట, రావద్దని."

"మరి యూనిఫారం ఎందుకు వేస్తున్నవమ్మా?"

"నేనేస్తలే సార్. పొద్దుగాల లేవంగనే అదే తొడుక్కుంటది. ఇప్పనియ్యదు. బడికి పోతున్న అనుకుంటదో ఏందో."

మళ్లీ రాశాను. ఈసారి జవాబు త్వరగానే వచ్చింది: ఏ బడిలోనూ పేరు లేని పిల్ల ఈ కొలత పరిధిలోకి రాదు. దగ్గర్లోని ఇంకో సర్కారు బడికి తల్లినీ పిల్లనూ వెంటబెట్టుకుని వెళ్లాను. అక్కడి హెడ్మాస్టరు నన్ను కూర్చోబెట్టి, చాయ్ తెప్పించి, పిల్లను చూసి, "ఈ కొలతలు అయిపోనియ్యుండ్రి సార్, తర్వాత చూద్దాం," అన్నాడు. ఆ కొలతలు అయ్యేలోపు నా కొలువే అయిపోయింది.

వీడ్కోలు సభలో శాలువా కప్పారు. ఏ పిల్లా లెక్క తప్పకుండా చూసే ఆర్డర్ తెచ్చిన మనిషినని మాట్లాడినవాళ్లందరూ చెప్పారు. ఎండాకాలం కావడంతో శాలువా మహా ఉక్కగా ఉంది. కన్సల్టెంటు అమ్మాయి వెనక వరసలో కూర్చుని, చప్పట్లు కొట్టకుండా, నా వైపే చూస్తోంది. తర్వాత ఆ ఉద్యోగం మానేసిందని విన్నాను.

మీరు కొలవడం మానండని నేను చెప్పను. కొలవకపోతే ఆ పిల్ల నాకు కనిపించేదే కాదు. కొలిచాకే కనిపించకుండా పోయిందన్నదీ నిజమే. ఈ రెండింటినీ కలిపి మీకు ఒక నీతి చెప్పేంత తెలివి నాకు లేదు. ఒక్క పని మాత్రం చేయండి. గేటులోకి పోయే ముందు బడి గోడ చుట్టూ బయటినుంచి ఒకసారి తిరిగి రండి. మోకాళ్లు బాగున్నప్పుడే తిరగండి.

మల్కాజ్‌గిరి నుంచి సికింద్రాబాద్ వెళ్లేటప్పుడు ఇప్పటికీ అప్పుడప్పుడు మెట్టుగూడలో బస్సు దిగి అటు నడుస్తుంటాను. ఆ మధ్య వెళ్తే గోడ పక్కన ఎవరూ లేరు. ఇస్త్రీ ఆమెను అడిగాను.

"రూమ్ ఖాళీ జేసిన్రు సార్. యాడికి పోయిన్రో చెప్పలే. మంచి బడి దొరికింది కావచ్చు," అంది. ఆ చివరి మాట నాకోసం కలిపిందని తెలుస్తూనే ఉంది.

దొరికి ఉండవచ్చు. ఇంకే గోడ పక్కనో కూర్చుని ఉండవచ్చు. ఈ గింజను ఏ డబ్బాలో వేయాలో నాకు తెలియదు.

లోపల అన్నం గంట కొట్టారు. ఇద్దరం ఒకేసారి గోడ వైపు చూశాం.